మైల ఇంటి వంతు

రేపటి వంతు పద్మారాణిది. ఆ సంగతి గల్లీలో అందరికీ తెలుసు, తెలిసీ ఎవరూ ఆమె ముందు ఎత్తడం లేదు. మొగుడు పోయి వారం తిరగని మనిషిని పట్టుకుని, "రేపు మా అందరికీ వండిపెట్టాల్సింది నువ్వే" అనడానికి ఎవరికి నోరొస్తుంది? పైగా అది మైల ఇల్లు. మైల ఇంటి చేతి కూడు బయటివాళ్ళు తినరు. తింటే ఆ మైల తిన్నవాళ్ళకూ అంటుతుంది, పాలోళ్ళతో, అంటే దాయాదులతో సమానంగా, పదకొండో రోజు దాకా కాలికి చెప్పు లేకుండా వాళ్ళూ పట్టాల్సిందే. సిరిసిల్ల నుంచి సూరత్ దాకా బట్టల మూటలతో పాటు మోసుకొచ్చిన పద్ధతుల్లో అదొకటి. రాష్ట్రం మారింది, నూలు మారింది, చేతిమగ్గం పోయి కరెంటు మగ్గం వచ్చింది. ఆ పద్ధతి మాత్రం ఇసుమంత కూడా అరగలేదు.

పద్మారాణి వంతు సంగతి మరిచిపోలేదు. నిజం చెప్పాలంటే, ఈ వారంలో ఆమెకు గుర్తున్నది అదొక్కటే.

సూరత్ నవాగామ్‌లో ఆ గల్లీని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు, అందుకని దానికి పేరు కూడా ఎవరూ పెట్టలేదు. ఎదురెదురుగా రెండు వరుసల ఒంటిగది ఇళ్ళు. ఇటు గడప మీద కూచుని గొణిగినా అటు గడపకు వినబడేంత సందు. మగవాళ్ళంతా మగ్గాల షెడ్డుల్లో షిఫ్టులు చేసేవాళ్ళే. కొన్ని గదుల్లో పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకుంటాడు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగేసరికి ఇద్దరూ ఒకేసారి ఇంట్లో పడ్డారు. మనుషులకు చాపలు చాలలేదు, కుండకు బియ్యం చాలలేదు.

మొదట్లో అన్నం పొట్లాలు వచ్చాయి. పొట్లంతో పాటు ఫోటో తీసేవాడూ వచ్చాడు. ఫోటోలు సరిపడా పోగయ్యాక పొట్లాలు ఆగిపోయాయి. అప్పుడు పద్మారాణి మొగుడు అంబదాస్ గల్లీ చివర షెడ్డు గోడ పక్కన మూడు రాళ్ళు పెట్టాడు.

"ఎవలో వచ్చి పెడ్తరని నోరు తెరుసుకుని కూసుంటె నోట్లకు ఈగలే పోతయి" అన్నాడు. "ఇంటికో పిడికెడు బియ్యం తెండ్రి. దినానికో ఇల్లు వండుండ్రి. మనది మనమే తిందాం."

పిడికెడు అన్నది చెప్పడానికి తేలికే. ఆ పిడికిలి మీద గల్లీలో జరిగిన తగవులు ఇన్నీ అన్నీ కావు. బియ్యం తెచ్చేటప్పుడు చంటిపిల్ల పిడికిలి, పళ్ళెం పట్టేటప్పుడు పహిల్వాను పిడికిలి. అంబదాస్ ఎవరినీ తప్పుపట్టలేదు, నవ్వుతూ తన పిడికిలే ఇంకోటి వేసేవాడు. నవ్వేవాడితో ఎంతసేపని పోట్లాడతారు? నెమ్మదిగా అందరి పిడికిళ్ళూ సమానమయ్యాయి. పొయ్యి వెనకాలే మోరీలో మురుగు తీసే వంతు వచ్చింది, దాని వెనకాల నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడే వంతు, చెత్త మోసే వంతు. అంతకు ముందు మోరీ పొంగితే ఎవరి గడప ముందుది వాళ్ళు పక్కింటి వైపు తోసేవాళ్ళు. ఇప్పుడు తోసేందుకు పక్కిల్లంటూ లేకుండా పోయింది.

మగ్గాలు మళ్ళీ మొదలయ్యాక చుట్టుపక్కల గల్లీల్లో పెట్టిన పొయ్యిలన్నీ ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఈ పొయ్యి ఆరలేదు. ఒంటరి మనుషులు, ముసలివాళ్ళు, రాత్రి షిఫ్టు చేసి వచ్చి వండుకునే ఓపిక లేనివాళ్ళు దాన్ని నమ్ముకున్నారు. అంబదాస్‌కు అందులో ఒకే ఒక్క పట్టు ఉండేది. ఏ వంతూ తప్పకూడదు. "ఒక్కనాడు ఆగిందా, మల్ల అంటుకోదు. పక్క గల్లీల జూడుండ్రి" అనేవాడు. ఇంట్లో ఏ పనికీ అంత పట్టుబట్టని మనిషి, ఈ పొయ్యి విషయంలో మాత్రం మొండివాడు రాజు కన్నా బలవంతుడన్నట్టు ఉండేవాడు.

రెండో ఏడు ఎండాకాలంలో జ్వరాలు ఇంటింటికీ తిరిగాయి. అంబదాసే పళ్ళేలు మోసుకెళ్ళి జ్వరం ఇళ్ళ గడపల మీద పెట్టి, తలుపు తట్టి, వెనక్కి జరిగి నిలబడేవాడు. ఏ గడప దగ్గర ఆయనకు అంటుకుందో ఎవరికీ తెలియదు. తెలిసి చేసేదీ లేదు.

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు పద్మారాణి చీరల మూట ముందు పెట్టుకుని వేలాడే దారాలు కత్తిరిస్తోంది. అవతలి మనిషి హిందీలో పేరడిగాడు, నువ్వేమవుతావని అడిగాడు, తర్వాత చెప్పాడు. "సరే" అంది ఆమె. ఫోన్ పెట్టేసి చేతిలో ఉన్న చీర దారాలు పూర్తిగా కత్తిరించి, మడిచి, పక్కన పెట్టింది. కూతురు సింధూజ వచ్చి ఎవరు చేశారని అడిగితే అప్పుడు చెప్పింది. ఆ పిల్ల అరిచిన అరుపుకు గల్లీ అంతా బయటికొచ్చింది కానీ పద్మారాణికి అది ఎక్కడో నాలుగిళ్ళ అవతల ఎవరో అరిచినట్టు వినబడింది.

శవాన్ని ఇవ్వలేదు. నలుగురి భుజాల మీద పోవాల్సిన మనిషి బండిలో పోయాడు. తల్లీకూతుళ్ళను గేటు దగ్గరే నిలబెట్టారు. ఊళ్ళో ఆయన అన్నదమ్ములు ఫోన్‌లో విని అక్కడే స్నానాలు చేశారు. వాళ్ళు మాత్రం ఏ రైలెక్కి వస్తారు? సూరత్‌లో అంబదాస్‌కు పాలోడన్నవాడు ఒక్కడూ లేడు. ఆయన మైల పట్టింది ఆ ఒంటిగదిలో ఇద్దరు ఆడవాళ్ళే.

పక్కింటి కనకవ్వ ముసలిది, ఎప్పుడో మొగుణ్ణి పోగొట్టుకున్నది. మూడో నాడు పక్షికి పెట్టేదాకా ఆమే రెండు ముద్దలు గడప మీద పెట్టింది. ఆ తర్వాత ఇంట్లో పొయ్యి వెలిగించమని, ఏం వండాలో ఎలా వండాలో చెప్పింది. పద్మారాణి చెప్పింది చెప్పినట్టు చేసింది. లేవమంటే లేచింది, తినమంటే తిన్నది. ఏడవమంటే మాత్రం ఏడుపు రాలేదు.

"ఏడువు బిడ్డా. లోపల వెట్టుకోకు. ఏడిస్తె తేలికైతది" అని కనకవ్వ గోడ అవతల నుంచి బతిమాలేది.

"సరే అవ్వా" అనేది పద్మారాణి.

షెడ్డులోంచి బయటికొచ్చాక కాసేపు చెవులు దిమ్మెక్కి ఉంటాయి చూడండి, ఆమెకు ఒళ్ళంతా అలా ఉంది. ఏడవలేదని గల్లీలో ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు కూడా. లోకం నోటికి మాస్కు ఉంటే మాత్రం ఆగుతుందా?

వంతు ముందునాటి సాయంత్రం లక్ష్మీరాజం వచ్చాడు. గల్లీకి కులపెద్ద ఆయన. మగ్గాల రిపేరు మేస్త్రీగా చేసి మానుకున్నాడు కానీ పెద్దరికం మానుకోలేదు. మడి, మైల, ముహూర్తం విషయాల్లో ఆయన లెక్కకు తిరుగులేదు. పురిటింటి నుంచి వచ్చిన చిల్లరను కూడా కడిగి జేబులో వేసుకునే మనిషి. కరోనా వచ్చి అందరూ చిల్లర కడుక్కోవడం మొదలుపెడితే, "నేను ముందటి నుంచే గదే జెప్తున్న" అని ఆయనే గెలిచినట్టు తిరిగాడు. ఇప్పుడు గడపకు దూరంగా నిలబడి మాస్కు సర్దుకున్నాడు.

"పద్మా, రేపటి ముచ్చట..." అని ఆగాడు.

"వంతు నాది మామా."

"గదే జెప్పవస్తిని. నువ్వేమో మైలల ఉన్నవు. నీ తర్వాతింట్ల ఇద్దరు జ్వరంతోని పండుకున్నరు. ఆ పక్కిల్లు తాళమేసి ఊరికి పోయిండ్రు. ఆ అవతల గంగారాం ఇల్లున్నది, వాళ్లమ్మ పోయింది, గదీ మైలనే. వరుస తప్పిచ్చి ఇగ నేను ఎవ్వల లేపాలె? మైలలన్ని తీరినంక మల్ల వెడ్దాం పొయ్యి. జర ఆపుదాం."

"ఆగితె మల్ల అంటుకోదు మామా."

"గది అంబదాసు మాట."

"ఔ."

"నువ్వు వండుతవు సరే. తినెటోళ్లెవలు? తిన్నోళ్లకు మైల పడుతది. ఇంట్ల ముహూర్తాలు వెట్టుకున్నోళ్లున్నరు, దేవునికి మొక్కుకున్నోళ్లున్నరు. నీ గంజు నిండ అన్నం అట్లనే మిగిలిపోతె, నీ కండ్లతోని నువ్వే పారవొయ్యాలె. గది నీకు మంచిగుంటదా?"

"తినకుంటె మానె. వండుడు నా వంతు."

"తినుమని నేను ఎవ్వలికి జెప్ప. తినొద్దని గూడ జెప్ప" అని లక్ష్మీరాజం వెళ్ళిపోయాడు.

లోపలి నుంచి సింధూజ అంతా విన్నది. "కోయీ నహీ ఖాయేగా మమ్మీ. ఎవ్వరు తినరు. ఎందుకు జేస్తున్నవ్?" అంది. పద్మారాణి రేపటికి పప్పు కొలిచి పెట్టింది. అంబదాస్ వదిలిపోయిన పని ఆ పొయ్యి ఒక్కటే. అది రేపు ఆరితే ఆయన రెండోసారి పోయినట్టు. మొదటిసారి పోయినప్పుడు గేటు బయట నిలబడిపోయింది. రెండోసారి పోనివ్వకూడదని మాత్రం, ఆ మొద్దుబారిన ఒంట్లోనే ఎక్కడో గట్టిగా ఉంది.

పొద్దున్నే గల్లీ ఉమ్మడి డ్రమ్ములోంచి బియ్యం తీసింది. ఇన్ని చావుల మధ్య కూడా పిడికెడు వేయడం ఎవరూ మానలేదు, డ్రమ్ము సగానికి పైగానే ఉంది. షెడ్డుల్లో పారేసే అట్టగొట్టాలు, పెట్టెల చెక్కలు పొయ్యిలో పెట్టి అంటించింది. ముందు అన్నం గంజు, అది దించి పప్పు గంజు ఎక్కించింది. పప్పు కడిగి వేసింది. పొంగు వచ్చినప్పుడు మూత చేత్తోనే తీసింది. వేళ్ళు ఎర్రగా కమిలాయి. చూసుకుంది కానీ అవి తన వేళ్ళే అనిపించలేదు. పప్పు ఉడికిందో లేదోనని గరిటె అంచున నాలుక ఆనించింది. ఉడికింది. అంతకు మించి నాలుక ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నం గంజులు రెండూ బల్ల మీద పెట్టి, రోజూ కొట్టినట్టే గరిటెతో పళ్ళెం మీద టంగుటంగుమని కొట్టింది. మొదటి లాక్‌డౌన్ నాటి నుంచి ఉన్న ఏర్పాటు ఏమిటంటే, ఒక్కొక్కరే పళ్ళెం తెచ్చుకుని, వేయించుకుని, ఎవరి గడప మీద వాళ్ళు కూచుని తినాలి.

ఎవరూ రాలేదు. తలుపులు తెరిచే ఉన్నాయి. తలుపుల వెనక మనుషులున్నారు, వాళ్ళ చేతుల్లో పళ్ళేలు కూడా ఉన్నాయి. ఎవరికి వారు పక్కవాడి గడప వంక చూస్తున్నారు. జ్వరం ఇళ్ళకు కూడా ఈ గంజులోంచే పోవాలి. పద్మారాణి ఇంకోసారి పళ్ళెం కొట్టలేదు. గరిటె పట్టుకుని నిలబడింది. అన్నం మీద ఆవిరి తగ్గిపోవడం చూస్తూ, ఇది మిగిలితే ఎక్కడ పోయాలా అని ఆలోచించింది. బాధగా లేదు. పని మిగిలినట్టుగా ఉంది, అంతే.

కనకవ్వ లేచింది. సొట్టపళ్ళెం పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. "ముండమోసినదాన్ని. నాకు మైల కొత్తనా, ఎయ్యి" అంది. పద్మారాణి అన్నం వేసి పప్పు పోసింది. కనకవ్వ పళ్ళెంలోకి చూసింది. చూసి, తల ఎత్తి పద్మారాణి మొహంలోకి చూసింది. వెనక్కి తిరిగి తన గడపకు పోతూ లక్ష్మీరాజం గుమ్మం ముందు ఆగింది. పళ్ళెం ఆయనకు కనబడేట్టు కాస్త వంచింది.

లక్ష్మీరాజం ఆ పళ్ళెం వంక చాలాసేపు చూశాడు. లోపలికి పోయాడు. ఇక తలుపు వేసుకుంటాడనే అందరూ అనుకున్నారు. కంచుపళ్ళెం పట్టుకుని బయటికొచ్చాడు. చెప్పులు గడప దగ్గరే విడిచి, కాలుతున్న సిమెంటు మీద వట్టికాళ్ళతో నడిచొచ్చి పళ్ళెం చాపాడు.

"మామా, మైల..." అంది పద్మారాణి.

"ఎరుకనే. ఎయ్యి."

పెద్దాయనే పట్టాక ఇంక చిన్నవాళ్ళకు అడ్డేముంది? గడపలన్నీ కదిలాయి. ఒకరి వెనక ఒకరు వచ్చారు, ఒక్కరి కాలికీ చెప్పు లేదు. పద్మారాణి అది గమనించలేదు. వేసింది, పోసింది, తర్వాతి పళ్ళెం వంక చూసింది. జ్వరం ఇళ్ళ గడపల మీద గంగారాం పళ్ళేలు పెట్టి వచ్చి, చివర్న తన పళ్ళెం పట్టాడు. గంజులో అడుగున రెండు పళ్ళేలకు సరిపడా మిగిలింది.

పొయ్యి నిలబడింది. ఆ మాట ఆమె తనకు తాను చెప్పుకుంది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

అందరూ తింటున్నారు. మామూలుగా ఆ గల్లీ నోరు ఇంతా అంతా కాదు. ఎవరి వంతులో ఏం వండినా, "పప్పుల నీళ్లా, నీళ్లల్ల పప్పా?" అని అడగనిదే ముద్ద దిగదు. ఈ రోజు ఎవరూ మాట్లాడటం లేదు. తలలు వంచుకుని తింటున్నారు. మిగిలింది రెండు పళ్ళేల్లో సర్దుకుని ఆమె తన గడప దగ్గరికి వచ్చి, ఒకటి సింధూజ చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"మమ్మీ, ఉప్పెయ్యలే." పళ్ళెం వంక చూసింది. "పసుపు లేదు. పోపు గూడ లేదు. మనం తినేటిదే వండినవ్."

పద్మారాణి పళ్ళెం చూసింది. పప్పు తెల్లగా ఉంది. పక్షికి పెట్టిన నాటి నుంచి తల్లీకూతుళ్ళు తింటున్నది అదే, మైల పట్టినవాళ్ళు తినే చప్పిడి కూడు. ఉప్పుండదు, పసుపుండదు, పోపుండదు. చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. గల్లీ గంజులో కూడా అదే చేసింది. బతికున్న ఇళ్ళకు, పిల్లాజెల్లా ఉన్న ఇళ్ళకు, జ్వరంతో పడుకున్నవాళ్ళకు పిలిచి మరీ చావుకూడు పెట్టింది.

ఉప్పు పొట్లం పట్టుకుని బయటికి పరుగెత్తింది. "మామా, ఉప్పు మర్చిపోయిన. తెలిసి చెయ్యలే మామా, నీ కాల్మొక్త. ఎవ్వలు తినకుండ్రి, మల్ల వండుత..."

లక్ష్మీరాజం ఎడమచెయ్యి పళ్ళెం మీద అడ్డం పెట్టాడు. "మర్చిపోయినవా?" అన్నాడు.

"మర్చిపోయిన."

ఆయన పళ్ళెంలోకి చూసుకున్నాడు. నాలుగు ముద్దలే మిగిలి ఉన్నాయి. "మేం తెలిసే వండినవనుకున్నం" అన్నాడు. "అంబదాసుకు ఈడ పాలోళ్లు లేకపాయె. పోయెటప్పుడు ఒక్క భుజం గూడ వెట్టకపోతిమి. ఇప్పుడన్న పాలోళ్ల లెక్క మైల వట్టుండ్రని మమ్ముల అడుగుతున్నవనుకున్నం. అనుకునే తిన్నం."

పద్మారాణికి ఎప్పుడూ వచ్చే 'సరే' కూడా రాలేదు.

"ఇగ ఇప్పుడు ఉప్పేసుకుంటె తిన్నదంత అబద్ధమైతది. వద్దు, తీస్కపో" అన్నాడు లక్ష్మీరాజం. గొంతు పెంచి గల్లీ అంతటికీ చెప్పాడు. "తిన్నోళ్లందరికి మైల వడ్డట్టే. పదకొండు దాక పట్టుడే. ముహూర్తాలు గిహూర్తాలు ఉంటె మైల తీరినంకకు జరుపుకోండ్రి. గంగారాం, రేపు నువ్వు వండు. మైలోని చేతిది మైలోళ్లు తింటె తప్పులేదు. ఇగ ఈ గల్లీల ఏ వంతు ఆపే పనిలేదు."

"వండుత కాకా" అన్నాడు గంగారాం. ఒక్క గడప నుంచి కూడా ఎదురుమాట రాలేదు. జన్మంతా మైలల లెక్కలు కట్టి జనాన్ని విసిగించిన పెద్దాయన, ఆ లెక్కతోనే పొయ్యిని నిలబెట్టాడు.

పద్మారాణి తిరిగొచ్చి గడప మీద కూచుంది. సింధూజ రెండో పళ్ళెం తల్లి ఒళ్ళో పెట్టింది. పద్మారాణి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇన్ని రోజులుగా ఏం తిన్నదో, ఎలా ఉందో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

"చప్పగున్నది" అంది. "బిడ్డా, గింత చప్పగున్నదేందే?"

ఆ మాటతో పాటే ఏడుపు వచ్చింది. గొంతు చీరుకుని వచ్చింది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా, పళ్ళెం మీదికి వంగిపోయి, మొగుడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. సింధూజ తల్లిని పట్టుకుంది. కనకవ్వ ఆదుర్దాగా పళ్ళెం కింద పెట్టి లేవబోయింది.

ఎదుటి వరుసలోంచి లక్ష్మీరాజం చెయ్యెత్తి, చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. మగ్గాల చప్పుడులో మాట వినబడదు కాబట్టి షెడ్డుల్లో అన్నీ సైగలే. ఆపకు, నడవనీ అనడానికి ఆ సైగ చేస్తారు.

కనకవ్వ మళ్ళీ కూచుంది. గల్లీలో ఎవరూ లేవలేదు. పద్మారాణిని ఏడవనిచ్చి, పళ్ళేల్లో మిగిలింది ఒక్క మెతుకు వదలకుండా తిన్నారు.